చంటిబిడ్డ ఉన్న ఇంట్లో మాంటిస్సోరి చదువు: ఏ ఏర్పాటు ఎవరికి కుదురుతుంది?

ఏడేళ్ల పాప, నాలుగున్నరేళ్ల పిల్లాడు, ఏడాదిన్నర బుడ్డోడు. ముగ్గురినీ ఇంట్లోనే మాంటిస్సోరి పద్ధతిలో, అంటే కొలతకు చేసిన సామానుతో పిల్లలు తమంతట తామే పనిచేస్తూ నేర్చుకునేలా, చదివించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ సెట్టు కొనాలి?" అని. నిజానికి అది మూడో ప్రశ్న. మొదటిది, బుడ్డోడికి ఎన్ని నెలలు? రెండోది, పొద్దున పూట ఇంట్లో పెద్దవాళ్లు ఎంతమంది ఉంటారు? ఈ రెండూ తేలకుండా సామాను తెచ్చుకుంటే వారం తిరిగేసరికి సగం మంచం కిందా, సగం బీరువా మీదా ఉంటుంది.

పిల్లల వయసుల్లో తేడా ఉండటం ఈ పద్ధతికి అడ్డు కాదు. 1907లో ఈ పద్ధతికి మూలమైన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి రోమ్‌లో తెరిచిన మొదటి బాలగృహంలోనే వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో పనిచేశారు. 1939లో ఆమె మద్రాసు అడయార్‌కు వచ్చి, యుద్ధం వల్ల మన దేశంలోనే ఉండిపోయినప్పుడు, కొడైకెనాల్‌లోనూ చిన్నాపెద్దా కలిసిన పిల్లలతోనే పని సాగింది. అయితే బడిలో మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ఒక గది ఉంటే, మూడేళ్ల లోపు వాళ్లకు వేరే గది, వేరే మనిషి ఉంటారు. మన ఇంట్లో ఆ గదీ లేదు, ఆ మనిషీ లేదు. చిక్కంతా అక్కడే.

నాలుగు దారులు

మొదటిది అడ్డు కట్టడం: బుడ్డోడిని ఒక పక్క, పెద్దపిల్లలను ఇంకో పక్క ఉంచడం. రెండోది ముగ్గురూ ఒకే గదిలో ఉండటం. మూడోది బుడ్డోడు పడుకున్నప్పుడే పెద్దపిల్లల పని. నాలుగోది బుడ్డోడిని ఆ పూటకు ఇంకొకరికి అప్పజెప్పడం.

పాకే బిడ్డకు, అంటే సుమారు 8 నెలల నుంచి 14 నెలల దాకా, అడ్డు బాగా పనిచేస్తుంది. కాకపోతే చాలామంది దాన్ని తిరగేసి కడతారు. బుడ్డోడిని బోనులాంటి దాంట్లో పెడితే పది నిమిషాలకే ఏడుపు మొదలవుతుంది, పాఠం ఆగిపోతుంది. లోపల ఉండాల్సింది పెద్దపిల్లలు. ఇల్లంతా బుడ్డోడికి వదిలేసి, వాళ్లిద్దరి బల్ల, అర ఉన్న మూలకు మాత్రం సగం తలుపు పెట్టించండి. వడ్రంగికి చెప్పాల్సిన కొలతలు ఇవి: ఎత్తు 75 సెం.మీ.కు తగ్గకూడదు, కమ్మీల మధ్య సందు 6 సెం.మీ. దాటకూడదు, కమ్మీలు నిలువుగానే ఉండాలి. అడ్డ కమ్మీలు పెడితే అది నిచ్చెన అయిపోతుంది. గొళ్లెం పెద్దపిల్లల వైపు, పైభాగాన ఉండాలి. నులక మంచాన్ని పక్కకు నిలబెట్టి అడ్డంగా వాడటం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. కిటికీ ఊచలకు తాడుతో గట్టిగా కట్టకపోతే, బిడ్డ పట్టుకుని లేచి నిలబడబోయినప్పుడు మీద పడుతుంది.

నడక వచ్చాక, 15 నుంచి 28 నెలల నడుమ, అడ్డు పనిచేయదు. అన్నా అక్కా ఏం చేస్తున్నారో అదే తనకూ కావాలి. ఈ వయసే అన్నిటికన్నా కష్టం, ఎక్కువమంది ఇంటి చదువు వదిలేసేది కూడా ఇప్పుడే. నిద్రవేళను నమ్ముకుందామా అంటే, ఈ వయసులో పగటి నిద్ర రెండు సార్ల నుంచి ఒకసారికి తగ్గి, మధ్యాహ్నానికి జరుగుతుంది. అనంతపురం, కర్నూలు ఎండల్లో పన్నెండు నుంచి రెండు దాకా నాలుగున్నరేళ్ల పిల్లాడికి కూడా తల పనిచేయదు. కరెంటు పోతే అసలే కుదరదు. ఏడేళ్ల పాపకు మాత్రం ఆ రెండు గంటలు బంగారం. చిన్న పూసలతో చేసే లెక్కలు, కత్తెర, సూది, రంగులు, అన్నీ అప్పుడే పెట్టుకోవాలి. కాబట్టి నిద్రవేళ ఒక్క పిల్లకే ఏర్పాటు, ఇద్దరికి కాదు.

ఈ వయసుకు మా సలహా ఒకే గది, పొద్దున పూట. ఎండాకాలం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ముగించండి. మార్చి నడుమ నుంచి బడులకే ఒంటిపూట పెడుతుంటే ఇంట్లో మధ్యాహ్నం దాకా లాగడం దండగ. బడిలో మూడు గంటల పని ఏకబిగిన సాగుతుంది. బుడ్డోడున్న ఇంట్లో గంటంపావు ఏకాగ్రత దొరికితే అది మంచి రోజే.

నాలుగో దారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక విద్యకు పంపొచ్చు. అవ్వ ఉంటే ఇంకా మేలు, కానీ "కాసేపు చూసుకో అవ్వా" అంటే ఆమె ఎత్తుకుని తిప్పుతుంది, లేదా ఫోను చేతికిస్తుంది. అవ్వకు ఒక పనితో కలిపి అప్పజెప్పండి: మటిక్కాయలు (గోరుచిక్కుళ్లు) తుంచడం, ఎర్రగడ్డలు గంపలోంచి చేటలోకి వేయడం. అవ్వ చేసే పనే బుడ్డోడికి పాఠం.

ఒక్క మనిషే ఇంట్లో ఉండి, ముగ్గురినీ చూసుకుంటూ, వంట కూడా తనదే అయితే ఒకే గది ఏర్పాటుకు నిద్రవేళను తోడు చేయండి. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకే గది చాలు. ఏడేళ్ల పాపను మూడో పెద్దమనిషిగా లెక్కవేయొద్దు. చెల్లికో తమ్ముడికో ఏదైనా చూపించడం ఈ పద్ధతిలో ఉన్నదే, మంచిదే; కానీ పావుగంట దాటితే ఆ పిల్ల చదువుకునే పిల్ల కాదు, ఆయా. ఆడపిల్లల విషయంలో ఈ జారుడు మరీ తొందరగా జరుగుతుంది.

ఒకే గదిలో ఎవరి చోటు ఎక్కడ

పుస్తకాల్లో బొమ్మలు చూస్తే అందరూ నేల మీద చాప పరిచి పనిచేస్తుంటారు. బుడ్డోడున్న ఇంట్లో దీన్ని తిరగేయాలి: పెద్దపిల్లలు బల్ల మీద, బుడ్డోడు చాప మీద. "ఇది అన్న చాప, తొక్కకూడదు" అన్న మాట రెండున్నరేళ్ల లోపు బిడ్డ బుర్రకు ఎక్కదు. అదే పని ఎత్తు బల్ల మీద ఉంటే చేయి అందదు, గొడవా ఉండదు. పొడవులు పోల్చే ఎర్ర కర్రల్లాంటివి బల్ల మీద పట్టవు (పొడవైనది మీటరు ఉంటుంది), అవి నిద్రవేళకు.

అరల విషయంలో మన ఇళ్లకు ఒక వసతి ఉంది. గోడలోకి దింపి కట్టిన నాపరాతి అరలు ఎంత లాగినా మీద పడవు; బయట కొన్న చెక్క అర అయితే గోడకు బిగించి తీరాలి. నాపరాతి అంచు పదునుగా ఉంటుంది కాబట్టి బుడ్డోడి తల ఎత్తున, అంటే 75 నుంచి 90 సెం.మీ. మధ్య ఉన్న అంచుకు రబ్బరు పట్టీ గానీ మందపాటి గుడ్డ గానీ అంటించండి. నాపరాతి నేల మీద గాజు గ్లాసు పడితే దొరక్కుండా ముక్కలవుతుంది. పోసే పనులకు చిన్న స్టీలు చెంబులే వాడండి, లేదా కింద జంపఖానా పరవండి.

సామాను దాచడానికి మాత్రం ఎత్తును నమ్ముకోకండి. ఏడాదిన్నర బిడ్డ కుర్చీ జరుపుకుని ఎక్కుతుంది. దాచాల్సింది ఎత్తులో కాదు, నేర్పు వెనకాల. తిప్పి తీసే మూత, కొక్కెం, ముడి వేసిన గుడ్డసంచి: ఇవి నాలుగున్నరేళ్ల పిల్లాడికి వస్తాయి, బుడ్డోడికి రావు. పైగా మూత తిప్పడం, ముడి విప్పడం పిల్లాడికి చేతిపని కూడా. బుడ్డోడికి కిందటి అర పూర్తిగా ఇచ్చేయండి. అందులో నాలుగైదు వస్తువులకు మించి వద్దు, వారానికి ఒకటో రెండో మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే కొత్త అంగడికి వచ్చినట్టు ప్రతిదీ లాగి పడేస్తాడు.

పడేయడం గురించి ఒక మాట. అన్న పేర్చిన ఘనాల గోపురాన్ని 15 నెలల బిడ్డ కూలగొట్టడం అల్లరి కాదు. నింపడం, ఒలకబోయడం ఆ వయసు పని. వద్దంటే ఆగదు. గంపనిండా పిడికెడంత ఎర్రగడ్డలో ఉర్లగడ్డలో ఇచ్చి, ఇంకో గంప ఎదురుగా పెడితే అదే పని అక్కడ చేస్తాడు. అట్టపెట్టెకు గుండ్రటి రంధ్రం కోసి టెన్నిస్ బంతి వేయించడం ఇంకొకటి. పింగ్‌పాంగ్ బంతి వాడొద్దు. దాని వెడల్పు 4 సెం.మీ., మూడేళ్ల లోపు పిల్లలకు బంతి 4.5 సెం.మీ. కన్నా పెద్దదై ఉండాలి.

నోట్లోకి పోయేవి

చార్టు కాగితం ముక్కను చుట్టుకొలత 10 సెం.మీ. వచ్చేలా గొట్టంగా అతికించండి. లోపలి వెడల్పు సుమారు 32 మి.మీ. ఉంటుంది. పొడవు ఐదారు సెం.మీ. చాలు. ఈ గొట్టంలో మొత్తంగా ఇమిడిపోయే ఏ వస్తువైనా మూడేళ్ల లోపు బిడ్డ గొంతుకు అడ్డం పడగలదు. గులాబీ గోపురంలో 1 సెం.మీ. నుంచి 10 సెం.మీ. దాకా పది ఘనాలుంటాయి. 1, 2 సెం.మీ.వి గొట్టంలో దిగుతాయి, 3 సెం.మీ.ది దిగదు. కాబట్టి ఆ రెండింటినీ విడిగా మూత డబ్బాలో పెట్టి, నాలుగున్నరేళ్ల పిల్లాడు అడిగినప్పుడే ఇవ్వండి. ఎనిమిది ఘనాలతో కూడా గోపురం గోపురమే. సిలిండర్ల దిమ్మెల్లో (గుంటల్లోకి సిలిండర్లు దింపే చెక్కలు) సన్నవి, లెక్కలకు వాడే బంగారు పూసల్లో ఒకట్లు, అంటే విడి పూసలు, అన్నీ ఈ కోవలోవే. ఒకట్లను లెక్కపెట్టి తీసి, పని అయ్యాక లెక్కపెట్టి వేయించండి. ఒకటి తక్కువైతే దొరికేదాకా ఎవరూ లేవకూడదు.

సెట్టు కన్నా ఇంటి సామాను ఎక్కువ ప్రమాదం. మన దగ్గర ఏ ఇంట్లో చూసినా బుడ్డలు (వేరుశనగలు) ఉంటాయి, ఏరడానికీ లెక్కపెట్టడానికీ చేతికి అందేది అవే. వేరుశనగ గింజ ఊపిరితిత్తుల దారిలోకి పోతే నానుతుంది, ఉబ్బుతుంది, నూనె వల్ల లోపల వాపు తెస్తుంది. నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజను అలాగే ఇవ్వొద్దు, పెద్దపిల్లల పనిలోనూ బుడ్డోడు మేలుకుని ఉండగా వద్దు. చింతగింజలూ అంతే. గురివింద గింజలు మాత్రం ఏ వయసుకూ, ఏ పనికీ వద్దు. ఎర్రగా అందంగా ఉంటాయని కొందరు లెక్కలకు వాడతారు. నమిలినా, పగిలినా, దారం కోసం రంధ్రం చేసినా లోపలి విషం ప్రాణం తీయగలది.

గొంతుకు అడ్డం పడి, దగ్గు గానీ ఏడుపు గానీ రాకపోతే: ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి, భుజపు ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు, రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికీ పైకీ ఐదు నొక్కులు, మళ్లీ దెబ్బలు. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందకు ఉండేలా పట్టి ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి రొమ్ము నడుమ రెండు వేళ్లతో ఐదు నొక్కులు. కనపడని దాని కోసం వేలు పెట్టి గెలకొద్దు, లోపలికి పోతుంది. పక్కన ఉన్నవాళ్లు 108కు చేయాలి.

ఇంకొకటి నీళ్లు. రోజు విడిచి రోజు కొళాయి వచ్చే ఊళ్లలో తొట్లు, బకెట్లు నింపి పెట్టుకోక తప్పదు. తలబరువున్న బిడ్డ బకెట్‌లోకి తొంగి చూసి పడితే తిరిగి లేవలేదు. బెత్తెడు నీళ్లు కూడా ప్రమాదమే. తొట్టికి మూత, బాత్రూముకు బయట గొళ్లెం. పోసే పనికి అర లీటరు నీళ్లు చాలు, అయ్యాక మొక్కకు పోయించండి.

కొనాలా, చేయించాలా, చేసుకోవాలా

కొలత ముఖ్యమైనవి కొనండి లేదా మంచి పనివాడితో చేయించండి. కొలత ముఖ్యం కానివి చేసుకోండి. గోపురం, మందం తగ్గుతూ వచ్చే గోధుమరంగు మెట్లు, సిలిండర్ల దిమ్మెలు మొదటి రకం. ఘనాలు ఒక్కొక్కటీ సరిగ్గా సెంటీమీటరు తేడాతో ఉంటేనే తప్పు పిల్లాడి కంటికి తానే కనపడుతుంది. ఊళ్లో చేయించేటప్పుడు బాగా ఆరిన చెక్క అడగండి. పచ్చివాసన పోని వేపచెక్కతో చేస్తే మన ఎండలకు రెండు నెలల్లో కుదించుకుపోతుంది, పగుళ్లు ఇస్తుంది. ముఖ్యంగా సిలిండర్లు గుంటల్లో వదులైపోతాయి, లేదా వానాకాలం బిగుసుకుంటాయి. రంగు కూడా సీసం లేనిది కావాలి, బుడ్డోడు నాకకుండా వదలడు. దిమ్మెలు మాత్రం కొనడమే నయం.

చేతిపనుల సామాను కొనడం పూర్తిగా దండగ. చెంబు, జల్లెడ, చేట, చిన్న చీపురు, గుండీల చొక్కా ఇంట్లోనే ఉన్నాయి. బంగారు పూసల్లో వేల దిమ్మెకు బదులు 10 సెం.మీ. అట్టపెట్టె ఘనం, వందకు 10×10 సెం.మీ. గళ్ల అట్ట, పదికి 10×1 పట్టీ చేసుకోవచ్చు.

తెలుగు అక్షరాలు చేసుకోక తప్పదు, ఎందుకంటే అంగట్లో దొరికే సెట్లన్నీ దాదాపు ఇంగ్లీషువే. వేలితో తడిమి నేర్చుకునే గరుకు అక్షరాలకు ఉప్పుకాగితం కత్తిరించడం ఇంగ్లీషుకు కుదురుతుంది గానీ, మన అక్షరాల సుడులు, మెలికలు కత్తెరకు లొంగవు, సన్నచోట తెగిపోతాయి. 12×15 సెం.మీ. గట్టి అట్ట మీద 8 సెం.మీ. ఎత్తున అక్షరం గీసి, గీత మందం 8 నుంచి 10 మి.మీ. వచ్చేలా బ్రష్‌తో ఫెవికాల్ పూసి, జల్లెడ పట్టిన సన్న ఇసుక చల్లండి. ఒక రోజు ఆరాక దులిపి, నీళ్లు కలిపిన ఫెవికాల్ పలుచగా ఇంకో పూత వేస్తేనే ఇసుక రాలకుండా ఉంటుంది. అచ్చులకు ఒక రంగు అట్ట, హల్లులకు ఇంకో రంగు. ప, వ, ష, స ఒకే రోజు ఇవ్వకండి. ద, ధ, థ, డ కూడా. ఒక పూటకు ఆకారంలోనూ పలుకులోనూ దూరంగా ఉన్న రెండు మూడు చాలు, ఉదాహరణకు ర, క, మ. మూడు మెట్లలో చెప్పండి: "ఇది ర", "ర ఏది, చూపించు", "ఇదేంటి?" మూడో మెట్టులో తడబడితే సరిచేయొద్దు, రేపు మొదటి మెట్టు నుంచి మళ్లీ.

కదిలే అక్షరాల దగ్గర, అంటే పేర్చి మాటలు కట్టే విడి అక్షరాల దగ్గర, అసలు చిక్కు వస్తుంది. గుణింతాలన్నీ విడివిడి అట్టలు చేస్తే నాలుగైదు వందలు దాటుతాయి, వెతుక్కోవడానికే పూట గడుస్తుంది. హల్లును తలకట్టుతో చేస్తే "కి" రాయడానికి క మీద తలకట్టు అడ్డం. పనిచేసే దారి ఏమిటంటే, హల్లులను తలకట్టు తీసేసి 5×5 సెం.మీ. అట్టల మీద రాసి, తలకట్టుతో సహా గుణింతపు గుర్తులన్నీ పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద గీసి కత్తిరించుకోవడం. గుర్తును హల్లు మీద పెడితే అక్షరం అవుతుంది. ఖ, జ, ట, ణ, బ, ల లాంటివాటికి తలకట్టు ఉండదని పిల్లాడే కనిపెడతాడు. మ, య, ఘ, ఝ గుణింతాలు ఈ అచ్చులో ఇమడవు, వాటికి విడిగా అట్టలు చేయండి. న, ల, క, ర, త, మ, ప, వ, ద, గ, చ, స, ట, డ ఐదేసి, ఒత్తక్షరాలు (ఖ, ఘ, ధ లాంటివి) రెండేసి చాలు. అక్షరం కింద వచ్చే వత్తులు ఐదున్నరేళ్లకు చూసుకోవచ్చు.

ఏడేళ్ల పాపకు ప్రాథమిక స్థాయి మాంటిస్సోరి సామాను మొత్తం కొనడం ఖర్చుకు తగ్గ పని కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా విభాగం ఒకే గదిలో అన్ని తరగతులు చదివే పల్లె బడుల కోసం తెలుగులో కార్డుల నిచ్చెన పద్ధతి తయారుచేసింది: పిల్ల ఒక కార్డు ముగించి తానే తరువాతి మెట్టుకు పోతుంది. భాషకు, పరిసరాల విజ్ఞానానికి అలాంటి కార్డులు, లెక్కలకు బుడ్డోడి నిద్రవేళలో పూసలు, ఇలా కలపండి. కార్డుల పనైతే పాప బుడ్డోడి పక్కన కూర్చుని కూడా చేసుకోగలదు. అందులో గొంతుకు అడ్డం పడేది ఏదీ ఉండదు.

బడి పేరు రాయించాలా?

ఆరేళ్ల లోపు వాళ్లకు ఇబ్బందేమీ లేదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి. దాని 10వ సెక్షన్ పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత తల్లిదండ్రుల మీద పెట్టింది. ఇంటి చదువు అన్న మాట అందులో లేదు. బడి బయటి పిల్లల సర్వేకు ఇంటికి వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. బడికి పోకుండా చదివేవాళ్లకు పరీక్షలు పెట్టే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్)లో ఎ, బి, సి స్థాయిలు 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతి పరీక్ష 14 ఏళ్లు నిండాక అక్కడైనా, రాష్ట్ర సార్వత్రిక పాఠశాలలోనైనా రాయొచ్చు. మధ్యలో మనసు మారితే వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం చెబుతుంది. బడికి పోయే పిల్లలకే వచ్చే తల్లికి వందనం డబ్బు మాత్రం రాదు. బనవాసి, లేపాక్షి నవోదయల మీద కన్నుంటే ఐదో తరగతి ఎక్కడ, ఎలా చదివి ఉండాలో ఆ ఏటి ప్రకటనలో ముందే చూసుకోండి. ఐదో తరగతి మధ్యలో చూసుకుంటే ఆలస్యమే.

పెద్దపిల్లను బడికి పంపి, మిగతా ఇద్దరితో ఇంట్లో ఉండటం కూడా తక్కువ ఎంపికేం కాదు. ఒక్క మనిషే చూసుకునే ఇంట్లో, బుడ్డోడికి 15 నుంచి 28 నెలలున్న ఏడాదికి, మేం అదే ముందు చెబుతాం. బోర్డు మీద మాంటిస్సోరి అని ఉన్న బడిని వెతుకుతుంటే, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చని గుర్తుంచుకుని, పొద్దున తొమ్మిదిన్నరకు చెప్పకుండా వెళ్లి చూడండి. మూడేళ్ల పిల్లా ఐదేళ్ల పిల్లా ఒకే గదిలో ఉన్నారా, సామాను అద్దాల బీరువాలో తాళం వేసి ఉందా, చేతికందే అరలో ఉందా, రెండున్నర గంటలు గంట కొట్టకుండా వదులుతారా అన్నవి చూడండి. నాలుగేళ్ల పిల్లాడి సంచిలో నాలుగు గీతల కాపీ పుస్తకం కనపడితే అది పేరుకే మాంటిస్సోరి, ఇక అడగాల్సింది ఫీజు గురించి మాత్రమే.